టేబుల్ టెన్నిస్ బ్యాటు చెక్క లేసొచ్చిందా? తెల్ల ఫెవికాలా, క్విక్ గమ్మా, ఆరాల్డైటా, ఏది పెట్టాలె

మొన్న శనివారం మాతోని టేబుల్ టెన్నిస్ (టీటీ) ఆడే ఒక తమ్ముడు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌ల ఫోటో పంపిండు. బ్యాటు మీది పాత రబ్బరు పీకిండంట, రబ్బరుతోటి పాటు చెక్క గూడ వేలంత పొడుగు లేసొచ్చింది, ఫోటో కింద ఒకటే లైను, "అన్న క్విక్ గమ్ పెట్టనా, పొద్దుగాల మ్యాచ్ ఉంది". నేను ముందుగాల "పెట్టకు" అని కొట్టి పంపిన, ఎందుకు పెట్టొద్దో వాయిస్ మెసేజ్‌ల చెప్పబోతె అది ఆరు నిమిషాలైంది, ఇంతసేపు వాడేం వింటడులే అని డిలీట్ చేసిన. ఆ ఆరు నిమిషాల ముచ్చటే ఇప్పుడు నిమ్మళంగ రాస్తున్న, ఎందుకంటె ఇదే మాట నల్గొండల అడుగుతరు, పాలమూరు పోతె అక్కడ అడుగుతరు, అడిగేటప్పటికే సగం మంది ఏదో ఒకటి పూసేసి ఉంటరు.

మన దిక్కు కష్టం ఏందంటె బ్లేడు, అంటె రబ్బరు కింద ఉండే బ్యాటు చెక్క, కొన్నది హైదరాబాద్ల, రబ్బరు తెప్పిచ్చింది ఆన్‌లైన్ల, చెక్క లేస్తె మాత్రం దిక్కు గల్లీల ఉన్న హార్డ్‌వేర్ షాపే. 2024 పారిస్ ఒలింపిక్స్‌ల మన టీటీ ప్లేయర్ ఆకుల శ్రీజ రౌండ్ ఆఫ్ 16 దాకా పోయినంక మా దగ్గర గూడ పిల్లలకు మంచి బ్యాట్లు కొనిచ్చే అమ్మానాయనలు ఎక్కువైన్రు, ఎనిమిదో తరగతి పిలగాడు పదివేల బ్లేడు పట్టుకొని వస్తున్నడు, కని దాని రబ్బరు ఎట్ల పీకాలెనో ఆ ఇంట్ల ఎవ్వరికి తెల్వదు. నేను ఒకసారి షాపుల "బ్లేడుకు పెట్టే గమ్ము ఇయ్యి తమ్మి" అంటె కౌంటర్ కాడి పిలగాడు గడ్డం బ్లేడ్ల ప్యాకెట్ తీసి ముందల పెట్టిండు. నవ్వుకుంట అది గూడ కొన్న, తర్వాత పనికొచ్చింది, చెప్తా.

సరే, గమ్ము సంగతి పక్కకు పెట్టి ముందు చెక్క సంగతి చూద్దాం. బ్లేడు అంటె ఒకటే చెక్క కాదు కదా, పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి అతికిచ్చి చేస్తరు, ఐదు పొరలవి ఉంటయి, ఏడు పొరలవి ఉంటయి, మధ్యల ఫైబర్ పెట్టినవి ఉంటయి. ఐటీటీఎఫ్, అంటె అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య, రూల్ ఏందంటె మందంల కనీసం 85 శాతం సహజమైన చెక్కనే ఉండాలె, కార్బనో గ్లాస్ ఫైబరో పెట్టిన పొర మొత్తం మందంల 7.5 శాతం గాని 0.35 మిల్లీమీటర్లు గాని, రెండిట్ల ఏది తక్కువో దాన్ని దాటొద్దు. మనకు లేసేది ఎప్పుడు గూడ పైపొరనే, అది సాధారణంగ అర మిల్లీమీటరు అటిటు, అంటె రెండు పెండ్లి పత్రికలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత, అంతకన్న ఏం లేదు. ఆ పైపొర ఏ చెక్కనో దాన్ని బట్టి ఉంటది కథ. లింబా అయితె మెత్తన, పీచు పొడుగు, ఒక కాడ లేసిందంటె ఆపకపోతె ఇంకో కొస దాకా పోతది, స్టిగా క్లిప్పర్ అనే బ్లేడు పైన ఉండేది లింబానే, టిమో బోల్ ఏఎల్‌సీ పైన గూడ లింబానే. విస్కారియా అనే బ్లేడు మీద ఉండేది కోటో చెక్క, అది గట్టిది, అంత తొందరగ లేవది. హినోకి అయితె గోరు తగిలినా సొట్ట పడేంత మెత్తన.

ఇప్పుడు లైటు కింద పట్టుకొని అడ్డంగ చూడుండ్రి. పేడు, అంటె లేసిన చెక్క పెచ్చు, ఒక దిక్కు ఇంక బ్లేడుకు పట్టుకొని ఉండి ఇంకో దిక్కు తలుపు లెక్క తెరుచుకున్నదా, అదృష్టం, సగం పని అయిపోయినట్టె. పురాగ ఊడి రబ్బరు అడుగున ఉండే స్పాంజికి అంటుకొని పోయిందా, అది గూడ ఫికర్ లేదు, కాకపోతె ఆ పేడును నిమ్మళంగ తీసి అగ్గిపెట్టెల దాచిపెట్టాలె, ఏ కొస హ్యాండిల్ దిక్కో పెన్సిల్‌తోని చిన్న చుక్క పెట్టాలె, లేకుంటె రేపు ఉల్టా అతికిస్తరు. పేడు ఎటు పోయిందో తెల్వక గుంట ఒక్కటే మిగిలిందా, జర పని ఎక్కువ. ఇగ నాలుగోది, బ్లేడును వేలితోని కొట్టుకుంట పోతె ఒక కాడ టక్ మనకుండ డొల్ల సప్పుడు వస్తుందా, అంటె పొరకు పొర విడిపోయిందని, అది పేడు కాదు, వేరే రోగం, దాని సంగతి కింద చెప్తా.

అసలు ఏం చెయ్యకుండ ఒదిలేసుడు గూడ ఒక ఆప్షనే, చానామంది దీన్ని లెక్కల్నే పెట్టరు. బియ్యపు గింజంత పెచ్చు బ్లేడు మధ్యల పోతె, దాని మీద రెండు మిల్లీమీటర్ల స్పాంజి వచ్చి కూసుంటది, నువ్వు లూప్ కొట్టినా బ్లాక్ చేసినా అది నీకు తెల్వది, తెలుస్తుందనుకుంటె అది నీ మనసుల ఉన్న అనుమానమే. అట్లాంటిదానికి ఫెవికాల్ పూసి, పుట్టీ పెట్టి, సాండ్ పేపర్‌తోని గీకి గీకి పైపొర పల్చగ చేసినోళ్లను నేను చూసిన, పెచ్చు కన్న రిపేరు ఎక్కువ పాడు చేసింది. అయితె దాని భయం ఆటల గాదు, మల్ల రబ్బరు పీకేటప్పుడు ఉంటది, ఆ గుంట అంచు నుంచే కొత్త పేడు షురూ అయితది. అందుకని గుంట అంచుల లేసి ఉన్న పీచును వేలితోని పండబెట్టి, ఒక్క చుక్క తెల్ల ఫెవికాల్ రుద్ది తుడిస్తె సాలు. బ్లేడు అంచు కాడ లేస్తె మాత్రం చిన్నదైనా ఒదలద్దు, అక్కడ టేబుల్ తగులుతది, చెమట తగులుతది, పెరుగుడే గాని తగ్గుడు ఉండది.

పేడు తెరుచుకొని ఉన్నా, ఊడిన ముక్క చేతిల ఉన్నా నా ఓటు మాత్రం తెల్ల ఫెవికాల్‌కే, మామూలు చెక్క పనికి వాడేది. ఎందుకంటె ఇక్కడ అందరు పొరబడేది గట్టితనం కాడ. "ఏది గట్టిగ పడ్తది అన్న" అని అడుగుతరు, మనకు గట్టిగ పట్టేది గాదు కావాల్సింది, పక్కనున్న చెక్క ఎట్లుందో అతికిచ్చిన జాగ గూడ అట్లనే ఉండాలె, అంతే మెత్తన, అంతే సమానం. తెల్ల ఫెవికాల్ చెక్క పీచుల్లకు ఇంకి పల్చగ ఆరుతది, ఆరినంక జాయింట్ కన్న ముందుగాల పక్క చెక్కనే తెగుతది, అంటె కావాల్సినంత గట్టితనం దాంట్లనే ఉంది. ఇంకోటి, అది టైం ఇస్తది. పేడును ఇటు జరిపి అటు జరిపి గీతకు గీత కలిసేదాక సర్దుకోవచ్చు.

నేను చేసే తీరు చెప్తా. గడ్డం బ్లేడు తీసుకొని పేడు కింద నిమ్మళంగ దూర్చి ఇంకో మిల్లీమీటరు లేపుత, ఎక్కువ లేపితె ఇంక చీరుతది, లోపట ఏదన్న పాత రబ్బరు గమ్ము ఉంటె దాన్ని చిమ్టాతోని గుంజి తీస్త, ఎందుకంటె ఫెవికాల్ చెక్కను పడ్తది గాని పాత గమ్మును పట్టది, పైసల్లేకుండ అయ్యే ఈ ఒక్క పని చెయ్యకనే సగం రిపేర్లు నెలల ఊడుతయి. తర్వాత ఫెవికాల్‌ల రెండు చుక్కల నీళ్లు కలిపి అగ్గిపుల్ల కొసతోనో మెడికల్ షాపుల దొరికే సిరంజితోనో లోపటికి పంపాలె. పేడును మూలం దిక్కు నుంచి కొస దిక్కుకు వేలితోని ఒత్తుకుంట పోతె అంచు పొంటి తెల్లగ బంక బయటికొస్తది, రావాలె, రాలేదంటె లోపట సాలలేదని. తడి గుడ్డతోని తుడిచి, దాని మీద కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ కవరు పరుస్త, ఫెవికాల్ ఆ కవరును పట్టది. ఇంటి ఫ్లోరింగ్‌ల మిగిలిన షాబాద్ బండ ముక్కలు రెండు ఉన్నయి, నున్నగ ఉంటయి, కిందొకటి మీదొకటి పెట్టి మధ్యల బ్లేడు, హ్యాండిల్ బండ బయటికి ఉండాలె, దాని పైన బరువు.

బరువుకు మా ఇంట్ల ఇసుర్రాయి పైబండ. మొదటిసారి పెట్టినప్పుడు మా అమ్మ చూసి "ఇసుర్రాయి కింద ఏం పెట్టినవ్‌రా" అన్నది, బ్యాటమ్మా అన్న, "కందులు ఇసిరేదుంది, పొద్దుగాల వరకు తీస్తవా లేదా" అన్నది. పొద్దుగాల తీసిన, పేడు ఎక్కడ లేసిందో వెతుక్కోవాల్సొచ్చింది. కని ఒక రాత్రి అంటె తక్కువలో తక్కువ, 24 గంటలు ఉంచితె మంచిది, వానకాలంల ఇంకో పూట ఎక్కువ. సీ క్లాంప్ ఉన్నోళ్లు దాన్ని వాడుకోవచ్చు, బండ ముక్క మధ్యల లేకుండ నేరుగ బిగించొద్దు, లోపట బల్సా చెక్క ఉన్న బ్లేడ్లయితె అస్సలే వద్దు, బల్సా దూది లెక్క, క్లాంప్ అచ్చు పడితె మల్ల లేవది. తీసినంక 400 నంబర్ సాండ్ పేపర్‌తోని గీతల పొంటి, హ్యాండిల్ నుంచి కొస దిక్కు, రెండు మూడు సార్లు అంతే. అడ్డం రుద్దితె మంచిగున్న పీచును గూడ లేపుతవు. విస్కారియా లాంటి వాటిల పైపొర కిందనే ఫైబర్ ఉంటది, అక్కడ జాలి లెక్క అల్లిక కనబడుతుంటె సాండ్ పేపర్ పక్కన పడెయ్యి, ఫైబర్ గీకుడు వద్దు.

క్విక్ గమ్ సంగతి. దీని మీద నాకు కోపం ఎందుకంటె నా సొంత బ్లేడు పోయింది దీనితోనే. మహబూబ్‌నగర్ల ఆడనీకి పోయిన, పొద్దుగాల వార్మప్‌కు ముందు రబ్బరు మార్చుకుంటుంటె లింబా లేసింది, పక్కన పాన్ షాపుల ఐదు రూపాయల ట్యూబు తెచ్చి రెండు చుక్కలేసిన. ఏసిన క్షణమే ఇంకింది, చెక్క ఆ కాడ నూనె పడ్డట్టు నల్లగ అయింది, పేడును సర్దుదామంటె అప్పటికే పట్టేసింది, వెంట్రుకవాసి పక్కకు జరిగి గట్టు లెక్క నిలబడ్డది. ఆ గట్టు తీద్దామని సాండ్ పేపర్ పెడితె గమ్ము ఇంకిన జాగ గాజు లెక్క ఉంది, అరుగుతలేదు, పక్కన మెత్తటి లింబా మాత్రం అరిగిపోతుంది, గట్టు అట్లనే ఉంది, పక్కన గుంట పడ్డది. ఆ రోజు ఆడిన, గెలిచిన గూడ ఒక మ్యాచు, అది ఒప్పుకోవాలె. కని మల్లొకసారి రబ్బరు పీకినప్పుడు గట్టి జాగ, మెత్తటి జాగ కలిసే గీత పొంటి చెక్క తెగి బొటనవేలంత పాయె. అప్పటిదాక గోరంత ఉన్న రోగం అది.

అట్లని క్విక్ గమ్ దేనికి పనికిరాదని గాదు. బ్లేడు అంచుకు వెంట్రుక లాంటి చీలిక వస్తె, అక్కడ ఒక్క చుక్క సూది మొనతోని పెడితె అది లోపటికి గుంజుకొని పట్టేస్తది, తెల్ల ఫెవికాల్ అంత సన్న సందుల పోలేదు. హ్యాండిల్ మూల చిన్న ముక్క లేసినా పెట్టొచ్చు, అక్కడ గట్టి మెత్తన తేడా ఆటల రాదు. ఇయ్యాల సాయంత్రమే ఆడాలె, ఇంకో బ్యాటు లేదు, అప్పిచ్చేటోడు లేడు, అప్పుడు గూడ సరే, కని ఆ బ్లేడు మీద ఆశ కొద్దిగ తగ్గించుకొని పెట్టు. ఒకటి మాత్రం చెయ్యొద్దు, దూదితోని తుడవొద్దు, దూదికి ఈ గమ్ము తగిల్తె వేడెక్కి పొగ వస్తది, చెయ్యి కాలుతది.

ఆరాల్డైట్, అంటె రెండు ట్యూబులు సమానంగ కలిపి పెట్టేది. దాని గట్టితనం గురించి మాట్లాడేదే లేదు, ఖాళీని నింపుతది, నీళ్లకు చెమటకు భయం లేదు. అందుకే హ్యాండిల్ పగులుకు, హ్యాండిల్ చెక్క బ్లేడు నుంచి లేసిన కాడికి అదే కరెక్టు, మామూలు తెల్ల ఫెవికాల్ చెమట తడికి మెత్తబడ్తది, లేదంటె నీళ్లకు తట్టుకునే ఫెవికాల్ మెరైన్ తెచ్చుకోవచ్చు. బ్లేడు ముఖం మీద మాత్రం ఆరాల్డైట్ బరువు, బిరుసు, ఆరినంక అది గూడ పక్క చెక్క కన్న గట్టిగనే ఉంటది, కథ క్విక్ గమ్ కథనే, కాకపోతె నెమ్మదిగ జరుగుతది.

ఇగ పసుపు గమ్ము, సన్‌మైకా అంటించేది, ఆ ఘాటు వాసనది. ఇది రిపేరుకు గాదు, ఈ రోగం తెచ్చేదే ఇది. సగం మంది పిల్లలకు చెక్క ఎందుకు లేస్తుందంటె మొదటిసారి రబ్బరు అంటించినోడు ఎవడో దీన్ని మందంగ పూసి ఉంటడు, చవక, ఊర్ల దొరుకుతది, మస్తు పట్టుకుంటది, ఆ పట్టుకునుడే శాపం. రబ్బరు ఊడాలె, చెక్క ఉండాలె, ఇది మాత్రం రెంటిని ఒకటే చేస్తది. పైగ అసలు టీటీల ఇట్ల సాల్వెంట్ వాసన గమ్ములు 2008 నుంచే బంద్, అప్పటిదాక స్పీడ్ గ్లూ అని ఆటగాళ్లందరు మ్యాచ్ మ్యాచ్‌కు పూసుకునేది, బీజింగ్ ఒలింపిక్స్ అయినంక తీసేసిన్రు. నీళ్ల గమ్ము, అంటె టీటీ రబ్బరుకు పెట్టే వాటర్ బేస్డ్ గ్లూ, ఒక్క బాటిల్ పైసలు పెట్టి తెచ్చుకో, ఏడాది వస్తది, వేలితోని రుద్దితె ఉండలు ఉండలుగ ఊడొస్తది. ఆ ఉండలు తీసేటప్పుడు గూడ గీతల పొంటి రుద్దాలె, అడ్డం గాదు.

గుంట మిగిలి ముక్క పోయినప్పుడు మూడు దారులు. గోరు కన్న చిన్నగుంటె ఒదిలెయ్యి, చెప్పిన కదా. గోరంత నుంచి రెండు గోర్లంత ఉంటె చెక్క పొడి, తెల్ల ఫెవికాల్ కలిపి ముద్ద చేసి పెట్టాలె, పొడి ఎక్కడిదంటె ఏదన్న పాత పాడైన బ్యాటును సాండ్ పేపర్‌తోని రుద్దితె వస్తది, టేకు పొడి వద్దు, దాంట్ల నూనె ఉంటది. ఆరినంక ముద్ద కుంగుతది, తప్పు చేసిన్నా అని పరేషాన్ గావొద్దు, రెండోసారి మీద పెట్టి సాపు చెయ్యాలె. ఎం-సీల్ పెట్టినోళ్లు ఉన్నరు, వద్దు, బరువు, రాయి లెక్క అయితది. అంతకన్న పెద్ద గుంట అయితె పాత బ్యాటు పైపొర నుంచే సన్న పట్టీ కోసి, గీత గీతకు కలిపి అతికియ్యాలె, మంచిగ చేస్తె అసలు తెల్వది, కని చేతి పని వచ్చినోళ్లకే.

అక్కడ వడ్లాయన దగ్గరికి పోవుడా మనమే చేసుకునుడా అనేది వస్తది. నేను ఒకసారి పోయిన, మా గల్లీల ఉండే కాక, తలుపులు దర్వాజలు చేసే పెద్ద మనిషి, బ్లేడు చేతిల పట్టుకొని అటు తిప్పి ఇటు తిప్పి "బిడ్డా, ఇది చెక్కనా అట్టనా" అన్నడు. చెక్కనే కాక, అర మిల్లీమీటరు అన్న. "అర మిల్లీమీటరు మీద నా రంద పెడితె నీ బ్యాటు నీ చేతికి రాదు, గమ్మిస్త, తీస్కపోయి నువ్వే పెట్టుకో" అని ఒక చిన్న డబ్బీల ఫెవికాల్ పోసిచ్చిండు, పైసలు గూడ తీస్కోలే. అంత నిజాయితీగ చెప్పేటోడు దొరికితె మంచిదే, చానామంది సరే సరే అని రంద పెట్టేస్తరు. పట్టీ కోసి అతికిచ్చుడు, హ్యాండిల్ ఊడినది మల్ల కూసోబెట్టుడు ఈ రెంటికే వడ్లాయన, మిగిలినయి ఇంట్లనే.

అతికిచ్చినంక పైన వార్నిష్ లాంటిది పూసి సీల్ చెయ్యాలెనా వద్దా అని ఒక పెద్ద లొల్లి. రబ్బరు తరచుగ మార్చేటోళ్లు, పైన లింబా హినోకి ఉన్నోళ్లు చేసుకోవాలె అంట నేను, ఏడాదికొక్కసారి మార్చేటోళ్లకు, కోటో ఉన్నోళ్లకు అంత అవసరం లేదు. పూస్తె ఫర్నిచర్‌కు వాడే రంగు లేని పీయూ (పాలీయురెథేన్) వార్నిష్, నీళ్లతోని కలిపేది, మెత్తటి కాటన్ గుడ్డకు అంటించుకొని గీతల పొంటి ఒక్కసారి తుడిచినట్టు, ఒక పూట ఆరబెట్టి 400 పేపర్‌తోని తాకీతాకనట్టు. బ్రష్‌తోని పూస్తె మందంగ పడ్తది. వడ్లాయన దగ్గరుండే లక్క పాలిష్ గూడ నడుస్తది, జల్ది ఆరుతది. అంచు కాడ ఒక్క చిన్న చుక్కకే అయితె ఇంట్ల ఆడపిల్లల రంగు లేని నెయిల్ పాలిష్, అడిగి తీస్కోవాలె. రెండు మూడు కోటింగులు వేస్తె మాత్రం బ్లేడు బిరుసైతది, బాల్ బ్లేడు మీద ఆగకుండ టప్ మని పోతది, కొన్నదొకటి ఆడేదొకటి అయితది. నేను కిరాణ షాపు ఎలక్ట్రానిక్ కాంటా మీద ముందుగాల తర్వాత తూకం పెట్టి చూస్త, ఒక గ్రాము దాటి పెరిగితె ఎక్కువ పూసినట్టె. హ్యాండిల్‌కు పూయొద్దు, చెమటకు జారుతది.

పొరలు విడిపోయి డొల్ల సప్పుడు వచ్చేదానికి అంచు నుంచి సిరంజితోని పల్చటి ఫెవికాల్ పంపి బండ కింద పెట్టుడు ఒక్కటే దారి, అంచు దాకా తెరుచుకోకుండ మధ్యల ఉబ్బితె దానికి దారే లేదు. ఎండాకాలం మన దిక్కు 44 దాటుతది, బైక్ డిక్కీల బ్యాటు పెట్టి మధ్యాహ్నం మర్చిపోయినోళ్లకే ఇది ఎక్కువ చూసిన. అట్లనే హ్యాండిల్ మెడ కాడ అడ్డంగ పగిలినా, పైపొరల నాలుగో వంతు కన్న ఎక్కువ పోయినా పైసలు రిపేరు మీద పెట్టొద్దు, కొత్తది కొనుక్కో. రూల్ల బ్లేడు సాపుగ, వంగకుండ ఉండాలె అని ఉంది, ఇసొంటియి సాపుగ రావు. మిగిలిన అన్నింటికి రిపేరే. పదివేల బ్లేడుకు పెచ్చు లేసిందని ఓఎల్‌ఎక్స్‌ల పెట్టి ఇంకో పదివేలు తీసేటోళ్లను చూస్తె నాకు పానం ఊకోదు. అదే వెయ్యి రూపాయల లోపలి రెడీమేడ్ బ్యాటు అయితె ఇంత చాకిరి అవసరం లేదు, తెల్ల ఫెవికాల్ రుద్ది ఆడు, పోయేదాక ఆడు.

అసలు లేవకుండ పీకుడు గూడ చెప్పాలె. రబ్బరును పైకి గుంజద్దు, మడిచి బ్లేడుకు ఆనిచ్చి, పక్కకు, నిమ్మళంగ, కాలెండర్ కాయితం చుట్టినట్టు పోవాలె. చర్ మని చిన్న సప్పుడు వచ్చిందంటె అక్కడే ఆగు. జొన్న సొప్ప తోలు తీసినోళ్లకు ఇది చెప్పనవసరం లేదు, ఒక దిక్కు నుంచి గుంజితె కింది కణుపు దాకా చీరుకుంట పోతది, అదే ఎదురు దిక్కు నుంచి తీస్తె అక్కడికక్కడే తెగి ఆగుతది. బ్లేడు గూడ అంతే, హ్యాండిల్ దిక్కు నుంచి పీకితె పేడు లేస్తుంటె, ఆ రబ్బరును అట్లనే పండబెట్టి పై కొస దిక్కు నుంచి మొదలు పెట్టు, లేసిన పేడు మీదికెళ్లి పండుకుంట వస్తది. పసుపు గమ్ముతోని అంటించినదైతె తొందర పడకు, హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి కొద్దిగ చూపిచ్చి గమ్ము మెత్తబడ్డంక తీయి, బ్లేడు చేతికి గోరువెచ్చగ కన్న ఎక్కువ తగలొద్దు, లేకుంటె లోపటి పొరల గమ్ము గూడ మెత్తబడ్తది.

ఆ తమ్ముడు ఆదివారం నా పాత బ్యాటుతోని ఆడిండు, మొదటి రౌండ్ల పోయిండు, బ్యాటు బరువున్నదని నా మీదనే పెట్టిండు. వాని బ్లేడు సాయంత్రం మా ఇంటికి తెచ్చిండు, పేడు ఊడకుండ సెల్లో టేపు వేసుకొచ్చిండు పాపం, ఆ టేపు తీసేటప్పుడు ఇంకో రెండు పీచులు లేసినయి. ఇది రాసేటప్పటికి అది ఇసుర్రాయి కింద ఉంది, మా అమ్మ ఇప్పటికి రెండుసార్లు అడిగింది.